కొండవాలంతా ఒకటే పొలం

విశాఖపట్నంలో వ్యవసాయ శాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని ఇలా అడిగారు: "ఏప్రిల్ నెలలో కిరండూల్ రైలులో అరకు వెళ్తూ, దారి పొడవునా అక్కడక్కడ నల్లగా కాలిన కొండవాలులను చూశాను. మన్యంలో గిరిజనులు తరతరాలుగా చేస్తున్న సాగులో నిజంగా శాస్త్రం ఉందా, లేక అడవిని కాల్చి నాలుగు గింజలు చల్లుకోవడమేనా? ఎత్తైన కొండల్లో బతికే ఇతర సమాజాల పద్ధతులతో దీన్ని పోల్చవచ్చా? దీని మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?"

పాడేరు, చింతపల్లి, హుకుంపేట, అనంతగిరి మండలాల్లో ముప్పై ఏళ్ళకు పైగా వ్యవసాయ విస్తరణ పని చేసి, ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: శాస్త్రం ఉంది. అయితే రైలు కిటికీలో నుంచి కనిపించిన ఆ కాలిన ముక్క ఒక్కదాన్నే చూస్తే అది కనిపించదు. గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డున ఉన్న వరి మడి మొదలుకొని కొండ కొమ్మున ఉన్న అడవి దాకా ఆ వాలంతా కలిపి కొండ మీది రైతుకు ఒకటే పొలం. ఒక చోట పోయినదాన్ని మరో చోట పట్టుకోవడానికి, ఒక నెలలో చేతికి రానిదాన్ని మరో నెలలో రాబట్టుకోవడానికి తరాల మీద ఏర్పడిన అమరిక అది. అడవిని నరికి కాల్చి చేసే పోడు సాగు ఆ అమరికలో ఒక భాగం మాత్రమే, దాన్ని మిగతా వాటి నుంచి వేరుచేసి మంచిదా చెడ్డదా అని అడిగినంత కాలం మనకు సరైన జవాబు దొరకదు.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. మీరు ఎక్కిన రైలు విశాఖలో సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో బయలుదేరి, ఎన్నో సొరంగాలు దాటుకుంటూ శిమిలిగుడ దగ్గరకు వచ్చేసరికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, నాలుగైదు గంటల ప్రయాణంలోనే మీరు మరో వాతావరణంలోకి వెళ్ళినట్టు లెక్క. రాజ్‌మా, కాఫీ, మిరియం అక్కడ పండి భీమిలిలో పండకపోవడానికి ప్రధాన కారణం ఇదే. హిమాలయాలతోనో ఆండీస్ పర్వతాలతోనో పోలిస్తే మన తూర్పు కనుమలు ఎత్తైనవి కావు, వీటిలో ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే ఉన్నాయి. అయినా కొండ సాగుకు ఉండే కష్టాలన్నీ ఇక్కడా ఉన్నాయి. నేల ఏటవాలుగా ఉంటుంది, పైమట్టి పలచగా ఉంటుంది, ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు మించి వాన పడినా అది నిలవకుండా జారిపోతుంది, ఒక్కొక్క మలుపులో ఎండ ఒక్కొక్క తీరుగా పడుతుంది.

చలి విషయంలో కొండ రైతుకు తెలిసిన ఒక సంగతిని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రహించలేకపోయాను. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుందని మనం పుస్తకంలో చదువుకుంటాం. కానీ డిసెంబరు, జనవరి రాత్రులలో చల్లబడిన గాలి బరువెక్కి, నీటిలాగే వాలు వెంట కిందికి జారి, లోయలోని పల్లంలో నిలుస్తుంది. లంబసింగి వంటి చోట్ల తెల్లవారుజామున పల్లపు గడ్డి మీద మంచు గడ్డకట్టినప్పుడు కూడా, దానికి కొంత ఎగువన ఉన్న వాలు అంత చల్లగా ఉండదు. కంది, ఆముదం, చిక్కుడు వంటి చలికి తట్టుకోలేని పైరులను లోయ అడుగున వేయకుండా వాలు నడుమ వేయడంలోని మర్మం ఇదే. థర్మామీటర్ లేకుండా ఈ హద్దును గీసినవారు ఎవరో మనకు తెలియదు గాని, ఆ హద్దు ప్రతి ఊరి నేలలోనూ ఉంది.

ఇప్పుడు వాలును కింద నుంచి పైకి చూద్దాం. అన్నిటికంటే కింద గెడ్డను ఆనుకొని పల్లం భూములు ఉంటాయి. ఇక్కడ వరి పండుతుంది. ఈ మడులు మొదటి నుంచీ అక్కడ ఉన్నవి కావు, మనుషులు తయారుచేసినవి. వాగు పాయకు అడ్డంగా రాళ్ళు పేర్చి, ఎగువ నుంచి కొట్టుకువచ్చే ఒండ్రును ఏటికేడు పట్టి నిలిపి, అది చదునైన కొద్దీ గట్టు ఎత్తు పెంచుకుంటూ పోతే, ఒక తరంలో మొదలైన మడి మరో తరానికి మంచి వరి పొలం అవుతుంది. పై మడిలో నిండిన నీరు కింది మడిలోకి పొర్లుతుంది, ఊట ఉన్న చోట వేసవిలో కూడా తడి ఉంటుంది. కొండ మీద కోతకు గురైన మట్టి ఊరి పొలిమేర దాటకుండా ఇక్కడే ఆగుతుంది. మృత్తికా సంరక్షణ పేరుతో మనం తరువాత కట్టించిన రాతి కట్టల్లో చాలావాటికంటే ఇవి మెరుగ్గా నిలిచాయి. కారణం చాలా సులువుగా అర్థమవుతుంది. ఆ గట్టు తెగితే ఏ ఇంటి వరి పోతుందో ఊరందరికీ తెలుసు కాబట్టి, వాన ఆగిన పూటే ఆ ఇంటివారు పార పట్టుకొని అక్కడికి వెళ్తారు.

పల్లానికి ఎగువన కొద్దిపాటి వాలుతో గరువు భూములు ఉంటాయి. నాగలి సాగేది ఇక్కడిదాకానే. చోడి, అంటే మైదానంలో మనం రాగి అనే పైరుకు ఇది ప్రధాన స్థానం. చాలా గ్రామాల్లో చోడిని నేరుగా చల్లకుండా ముందు నారు పోసి, జులైలో నాటుతారు. వాన ఆలస్యమైతే నారు కొన్నాళ్ళు ఆగగలదు, చల్లిన విత్తనం ఆగలేదు. గరువుకు పశువుల గత్తం చేరుతుంది, ఇంటికి దగ్గర కాబట్టి మోసుకుపోవడం సాధ్యమవుతుంది. ఇళ్ళ చుట్టూ ఉన్న పెరటిలో మొక్కజొన్న, గుమ్మడి, కంద, చిక్కుడు పందిరి, పనస చెట్టు ఉంటాయి. గరువుకు పైన కొండపోడు, దానికి పైన ఊరు చేయి పెట్టని అడవి ఉంటాయి. ఆ కొమ్ము మీది అడవి తీస్తే కింద ఊట ఎండిపోతుందన్న సంగతి పెద్దవాళ్ళకు బాగా తెలుసు, చాలా చోట్ల అక్కడ దేవత ఉండడం కాకతాళీయమని నేను అనుకోను.

ఇక పంటల కలయిక గురించి కొంత నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన శాఖ వాళ్ళం ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకున్నది దీన్నే. పోడులో సామ, చోడి, కొర్ర, జొన్న, కంది, బొబ్బర, కొండచిక్కుడు, అంచుల్లో ఆముదం, మొద్దుల పక్కన గుమ్మడి, బీర అన్నీ కలిసి ఉంటాయి. పైపైన చూసేవారికి అది గజిబిజిగా కనిపిస్తుంది. కానీ వేరు లోతును బట్టి చూడండి: సామ, కొర్ర వేర్లు పైమట్టిలోనే ఉంటాయి, కంది వేరు లోతుకు దిగి అక్కడి తడిని, పోషకాలను పైకి తెస్తుంది, రాల్చిన ఆకుతో నేలకు తిరిగి ఇస్తుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో నిలుపుతాయి. గుమ్మడి తీగ, బొబ్బర తీగ నేలను కప్పి, జులై, ఆగస్టు నెలల వాన చినుకు తిన్నగా మట్టిని కొట్టకుండా కాపాడతాయి. నలభై డిగ్రీల వాలు మీద ఆ కప్పు ఉందా లేదా అన్న దాని మీదే మట్టి మిగలడం ఆధారపడి ఉంటుంది. ఒక పురుగు కొర్రకు పట్టినా, దాని చుట్టూ కొర్ర కాని మొక్కలే ఎక్కువగా ఉంటాయి కాబట్టి చేనంతా పాకదు.

అంతకంటే ముఖ్యమైనది కాలం లెక్క. ఆషాఢ, శ్రావణ మాసాలు మన్యంలో ఆకలి నెలలు. నిల్వలు అయిపోయి, కొత్త పంట ఇంకా రాక, మామిడి టెంక పిండితో అంబలి కాచుకొని గడిపిన ఇళ్ళను నేను చూశాను. ఆ కరువును ముందుగా తెంచేది సామ, అది మూడు నెలలు దాటగానే కోతకు వస్తుంది. తరువాత కొర్ర, మొక్కజొన్న, ఆపైన చోడి, చలికాలంలో చిక్కుడు, మాఘం దగ్గర పడ్డాక కంది వస్తాయి. భాద్రపదం నుంచి మాఘం దాకా ఏదో ఒకటి ఇంటికి చేరుతూనే ఉంటుంది. పైగా కోతలన్నీ ఒకేసారి మీద పడవు కాబట్టి, కూలీలను పెట్టుకోలేని కుటుంబం కూడా తన మనుషులతోనే, మీ చేను ఈ రోజు, మా చేను రేపు అన్న ఇరుగుపొరుగు సాయంతోనే పని ముగించుకోగలదు.

ఈ సంగతి నాకు నష్టంతో తెలిసింది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక రైతును ఒప్పించి, ఆయన కలిపి వేసే చేనులో మిగతావన్నీ మాన్పించి, మెరుగైన చోడి రకాన్ని వరుసల్లో నాటించాను. పైరు చూడముచ్చటగా ఎదిగింది, పై అధికారులను తీసుకువచ్చి చూపించాను. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు విడవకుండా వాన కురిసి, కంకి బరువుతో ఉన్న చోడి అంతా పడిపోయి మొలకలెత్తింది. పక్క చేనులోనూ చోడి పడిపోయింది, కానీ ఆ ఇంటికి సామ అప్పటికే చేరింది, కంది నిలబడింది, చిక్కుడు ఆ చలికాలమంతా కాసింది. నేను ఒప్పించిన ఇంట్లో ఆ ఏడు చిక్కుడు గింజ లేదు, కంది గింజ లేదు, మరుసటి ఏటికి విత్తనం కూడా లేదు. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు, ఆ తప్పు మాత్రం నాదే. మేము తూకం వేసింది చోడి ఒక్కదాన్నే, వాళ్ళు ఇంటికి తెచ్చుకునేది పదిరకాలు. మీ చదువులో ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో అనే కొలత వచ్చే ఉంటుంది. కలిపి వేసిన ఎకరం నుంచి వచ్చిన పంటలన్నిటినీ విడివిడిగా పండించాలంటే ఎంత భూమి కావాలో అది చెబుతుంది, ఆ విలువ 1.3 వస్తే విడి పంటలకు మరో 30 శాతం భూమి కావాలని అర్థం. ఆ రోజుల్లో ఆ లెక్క వేసి ఉంటే ఆ సలహా ఇచ్చేవాణ్ణి కాను.

నూనెగింజల పైరు అయిన వలిసెల గురించి కూడా చెప్పాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో విశాఖ నుంచి అరకు వెళ్ళినవారంతా ఫొటోలు తీసుకునే ఆ పసుపుపచ్చని పూల చేలు వలిసెలవి. వర్షాకాలపు పంట తీశాక, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అంతగా దున్నకుండానే, చేవ తగ్గిన నేలలో చల్లుతారు. దీన్ని పశువులు తినవు కాబట్టి ఇతర పైరుకు అంచుల్లో కంచెలాగా కూడా వేస్తారు. ఒక మొక్క పుప్పొడి అదే మొక్కకు పనికిరాదు, తేనెటీగ వాలితేనే గింజ కడుతుంది. కాబట్టి పక్కన అడవి, అందులో తేనెపట్లు ఉన్న చేనులో వలిసె బాగా పండుతుంది. వాలంతా ఒకటే పొలం అని నేను అనడానికి ఇది మంచి సాక్ష్యం. కొన్ని దశాబ్దాలుగా ఈ పంటను బంగారు తీగ అనే పరాన్నజీవి మొక్క పీడిస్తోంది, పసుపు దారాల్లా అల్లుకొని చేనునే పీల్చేస్తుంది. ఇది ప్రధానంగా విత్తనంతోనే వ్యాపిస్తుంది. పూర్వం ఇంటి విత్తనం ఇంట్లోనే తీసుకున్నప్పుడు, ఏ చేను శుభ్రంగా ఉందో చూసి అక్కడే గింజ పట్టేవారు. సంతలో కొన్న విత్తనం మీద ఆధారపడ్డాక ఆ జాగ్రత్త పోయింది. బంగారు తీగ గింజ వలిసె గింజకంటే చిన్నది కాబట్టి సన్నని జల్లెడతో జల్లిస్తే చాలావరకు విడిపోతుంది. అది పట్టిన చేనులో రెండు మూడేళ్ళు చోడి, సామ వంటి గడ్డిజాతి పైరులు వేస్తే అది అల్లుకోవడానికి ఆధారం దొరకదు.

విత్తనం సంగతి మాట్లాడాలంటే ఆడవాళ్ళతో మాట్లాడాలి. కోతకు ముందే చేనులో తిరిగి కంకులను ఎంచేది వాళ్ళే. ఎండిన సొరబుర్రల్లో, కుండల్లో, పేడతో అలికిన వెదురు గుమ్ముల్లో, బూడిద కలిపి, పొయ్యికి పైన అటక మీద పెడతారు. రోజూ తగిలే పొగ, వేడి వల్ల గింజలో తేమ పెరగదు, పురుగు చేరదు. చోడి గింజ మంచి నిల్వలో ఏళ్ళ తరబడి చెడదు, అందుకే కరువు ఏడాదికి అదే ఆధారం. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలో విత్తనాలను గ్రామదేవత ముందు పెట్టి పూజించిన తరువాతే పొలం పనులు మొదలవుతాయి. అలాగే సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని ఒక్కొక్క పంటకు ఒక్కొక్క కొత్త పండుగ ఉంది, అది జరగనిదే ఆ పంటను ఎవరూ తినరు. దీనిని నేను ఇలా అర్థం చేసుకున్నాను: పంట పూర్తిగా ముదరకుండా కోయకుండా ఊరంతటికీ ఒకే కట్టుబాటు ఉంటే విత్తనం పక్వానికి వస్తుంది, ఒకరు తొందరపడి అడవి మామిడిని పిందెల్లోనే దులిపేయడం ఉండదు. భక్తిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆ భక్తి ఒక పని కూడా చేస్తోందని చెప్పడానికే అంటున్నాను.

ఇక మీరు అడిగిన కాలిన వాలు. పోడులో పొదలను, చిన్న చెట్లను మాఘ, ఫాల్గుణాల్లో నరికి, ఎండనిచ్చి, వానలకు ముందు కాలుస్తారు. బూడిద వల్ల పొటాష్, కాల్షియం నేలకు అందుతాయి, ఆమ్లగుణం తగ్గుతుంది, పైమట్టిలోని కలుపు గింజలు చస్తాయి. నత్రజని, గంధకం మాత్రం చాలావరకు పొగతో గాలిలో కలుస్తాయి, ఈ నష్టాన్ని దాచకూడదు. ఆ తరువాత నేలను దున్నరు, బొరిగెతో పైపైన గీరి విత్తనం వేస్తారు, అంత వాలు మీద దున్నకపోవడమే మట్టిని కాపాడే మొదటి పద్ధతి. మొద్దులను మోకాలెత్తున వదిలేస్తారు కాబట్టి వాటి నుంచి మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. ఇప్ప, జీలుగు, చింత, పనస చెట్లను ఎవరూ నరకరు. రెండు మూడేళ్ళు పండించి, నేల అలసిందని తెలిశాక వలిసో ఉలవో వేసి, ఆపైన వదిలి మరో ముక్కకు వెళ్తారు. వదిలిన ముక్క పది పన్నెండేళ్ళు బీడుగా ఉంటే అక్కడ అడవి మళ్ళీ లేస్తుంది. పోడుకు ప్రాణం ఆ బీడు కాలమే.

ఆ బీడు కాలం ఇప్పుడు చాలా చోట్ల మూడు నాలుగేళ్ళకు కుదించుకుపోయింది. అలాంటి చోట పోడు నేలను నిజంగానే నాశనం చేస్తుంది, ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే నేను ఆ రైతులకే అన్యాయం చేసినవాణ్ణవుతాను. అయితే ఎందుకు కుదించుకుపోయిందో కూడా మీరు రాయాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడి, తిరగడానికి ఉన్న నేల తగ్గింది. పోడు మీద ఆంక్షలు, బలవంతపు రోడ్డు పని మన్యంలో రగిల్చిన ఆగ్రహమే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడితో మొదలై 1924 దాకా సాగిన తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. ఆ తరువాత జలాశయాలు, తోటలు, వలస వచ్చినవారు, పెరిగిన జనాభా కలిసి మిగిలిన నేలను ఇంకా కుదించాయి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు ఇచ్చింది. ఆ పట్టా చాలా కుటుంబాలకు భయాన్ని తీర్చింది, దానిని నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. కానీ పట్టా ఒక నిర్దిష్టమైన ముక్కకు ఇస్తారు కాబట్టి, తిరిగే సాగు ఒక్కసారిగా నిలకడ సాగుగా మారింది. బీడు పెట్టే వీలు లేని వాలుకు పాత పోడు పద్ధతి సరిపోదు. అక్కడ వాలుకు అడ్డంగా రాతి వరుసలు, వాటి వెంట కంది, మధ్యలో చెట్లు తప్పనిసరి.

ఆ చెట్ల స్థానంలోకి వచ్చినదే కాఫీ. 19వ శతాబ్దం చివర్లో తెల్లదొరలు గోదావరి వైపు కొండల్లో మొదలుపెట్టిన కాఫీ, తరువాత ఇటు వచ్చి, 1960ల నుంచి ప్రభుత్వ ప్రోత్సాహంతో విస్తరించింది. ఇప్పుడు లక్ష ఎకరాలకు పైబడి ఉంది, అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ మాను మీదికి పాకించిన మిరియం తీగ అన్న ఈ అమరిక వాలును కప్పి ఉంచుతుంది, చేతికి నగదు ఇస్తుంది. నేను కాఫీకి వ్యతిరేకిని కాను. కానీ నీడకు ఒకే జాతి చెట్టును పెట్టడం నాకు నచ్చదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన్యంలో కూలిన నీడ చెట్ల కింద కాఫీ మొక్కలు ఎంతగా నలిగాయో చూసినవారికి ఇది అర్థమవుతుంది. పనస, చింత, నేరేడు, జీలుగు కలిసిన నీడ ఉంటే తిండి కూడా వస్తుంది, గాలికి అన్నీ ఒకేసారి పడవు. పోడులో పదిరకాలు కలిపిన బుద్ధినే కాఫీ తోటలోనూ వాడమని నేను రైతులకు చెప్పేవాణ్ణి, కొందరు నేను చెప్పక ముందే అలా చేశారు.

పోలికల విషయానికి వస్తే, దూరం వెళ్ళే ముందు సరిహద్దుకు అవతల ఒడిశాలో ఉన్న కోరాపుట్‌ను చూడండి. కొండలు అవే, తెగలు చాలావరకు అవే. అక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. దేశవాళీ వరి విత్తనాలను కాపాడినందుకు ఆ జిల్లాకు చెందిన ఆదివాసీ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. గట్టుకు ఇటువైపు అదే విత్తనాలు పండించినవారికి ఏ పేరూ రాలేదని నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండల్లో చోడితో సహా పన్నెండు రకాల గింజలను కలిపి వేసే బారహ్‌నాజా మన పోడు మిశ్రమానికి దగ్గర బంధువు. నాగాలాండ్‌లోని ఖోనోమాలో పోడు నేలలోనే ఆల్డర్ చెట్లను పెంచి, కొమ్మలను మాత్రమే నరికి, మానును వదిలేస్తారు. ఆ చెట్టు వేర్లు నత్రజనిని నిలుపుతాయి కాబట్టి బీడు కాలం తక్కువైనా నేల కోలుకుంటుంది. మన కుదించుకుపోయిన పోడుకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చే పాఠం అక్కడ ఉందని నా అభిప్రాయం, అయితే చెట్టును మాత్రం మన నేలకు తగినది వెతుక్కోవాలి. దక్షిణ అమెరికాలో 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు చుట్టూ ఎత్తైన మట్టి మళ్ళు, వాటి నడుమ నీటి కాలువలు తవ్వే పద్ధతి ఒకటి ఉంది. పగలు ఎండకు వేడెక్కిన నీరు రాత్రి ఆ వేడిని వదిలి పైరును మంచు నుంచి కాపాడుతుంది. మన పల్లంలో చలి నిలవడం, అక్కడి నీరు చలిని ఆపడం ఒకే భౌతికశాస్త్రానికి రెండు ముఖాలు. ఈ పోలికలను ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి మించి సాగనీయకండి, మీరు కళ్ళతో చూడగలిగినది మన్యం మాత్రమే.

మొదలుపెట్టే పద్ధతి చెబుతాను. ఒకే ఊరిని ఎంచుకోండి, పది ఊళ్ళు తిరగకండి. మొదటి రోజు ప్రశ్నల కాగితం తీయకుండా, ఊరిలో ఒకరిని వెంటబెట్టుకొని గెడ్డ దగ్గర నుంచి కొండ కొమ్ము దాకా నడిచి, ఎక్కడ ఏ పైరు మారుతోందో, అక్కడ వాలు ఎంత ఉందో, మట్టి రంగు ఎలా ఉందో రాసుకోండి. దిగుబడి ఎంత అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు, చెప్పినా అది మీ కోసం చెప్పిన అంకె అవుతుంది. ఎన్ని కుంచాల సామ వచ్చింది, ఏ నెల దాకా తిన్నారు, ఎంత సంతకు పోయింది, విత్తనానికి ఎంత తీశారు అని విడివిడిగా అడగండి. బీడు ఎన్నేళ్ళుగా ఉందో తెలుసుకోవాలంటే సంవత్సరం అడగకండి. ఈ ముక్కను ఆఖరుసారి కొట్టినప్పుడు మీ పిల్లల్లో ఎవరు పుట్టి ఉన్నారు అని అడిగితే లెక్క కచ్చితంగా వస్తుంది. విత్తనం గురించి ఇంట్లోని పెద్దావిడను అమ్మా అని పిలిచి, పొయ్యి దగ్గర కూర్చొని అడగండి, వీధిలో మగవారి ముందు అడిగితే ఆమె మాట్లాడదు. చాలా ఊళ్ళలో తెలుగు వచ్చు గాని, పైరుల పేర్లు ఆదివాసీ ఒరియాలోనో కువి భాషలోనో ఉంటాయి. ఆ పేర్లను ఉన్నవి ఉన్నట్టే తెలుగు లిపిలో రాసుకోండి, మీకు తెలిసిన పేరుకు మార్చకండి, ఎందుకంటే మనం సామ అనే ఒక్క మాటతో పిలిచే దానిలో వారికి రంగును బట్టి, కోత కాలాన్ని బట్టి వేరువేరు పేర్లు ఉంటాయి.

ఏడాదిలో కనీసం మూడుసార్లు వెళ్ళండి. నాట్ల కాలంలో జులైలో ఒకసారి, సామ కోత ముగిసి చోడి కంకి వేసే రోజుల్లో ఒకసారి, కంది కోతకు ఫిబ్రవరిలో ఒకసారి. వీలైతే చైత్రంలో ఇటుకల పండుగకు నాలుగోసారి వెళ్ళండి, కానీ ముందుగా ఊరి పెద్దను కలిసి అనుమతి అడగండి. ఆ రోజుల్లో దారికి అడ్డంగా వెదురు కర్ర పెట్టి వచ్చేపోయేవారిని పండుగ డబ్బులు అడుగుతారు, సంతోషంగా ఇచ్చి ముందుకు వెళ్ళండి. దేవత ముందు పెట్టిన బుట్టల్లో ఎన్ని రకాల గింజలు ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఏ ఇంటి నుంచి ఏది వచ్చిందో రాసుకోండి. మీ ప్రాజెక్టులో మొదటి పట్టిక అదే.